‘డిడ్ నాట్ వెంట్’ తెలుగు నుంచి రాలేదు: చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో తప్పుల వెనుక ఏముంది?

క్లుప్తంగా: సులువైన ఇంగ్లిష్ వాక్యాల్లో దొర్లే తప్పులన్నిటికీ ‘తెలుగులో ఆలోచించడమే’ కారణం అనే మాటలో సగమే నిజం ఉంది. కొన్ని తప్పులు తెలుగు అలవాటు నుంచి వస్తాయి. కొన్ని ఇంగ్లిష్‌ సొంత తిరకాసుల వల్ల పుడతాయి. ఒక తెలుగు మాట చేసే పనిని ఇంగ్లిష్‌లో రెండు మూడు మాటలు పంచుకోవడం వల్ల వచ్చేవి మరికొన్ని. ఏ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి దిద్దే పద్ధతి మారుతుంది.

ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు రాయాల్సి వస్తే చాలామంది తడబడేది చిన్న వాక్యాల దగ్గరే. ‘హీ డిడ్ నాట్ వెంట్’, ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’, ‘వి డిస్కస్డ్ అబౌట్ ఇట్’ లాంటివి ఏళ్ళ తరబడి ఇంగ్లిష్ చదివినవాళ్ళ రాతల్లోనూ కనిపిస్తాయి. దీనికి అందరూ చెప్పే కారణం ఒకటే: తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లోకి మారుస్తున్నారు. మందు కూడా ఒకటే: ఇంగ్లిష్‌లోనే ఆలోచించండి.

ఈ నిర్ధారణను మొదటి వాక్యంతోనే పరీక్షించవచ్చు. ‘వెళ్ళాడు’ అన్నదానికి వ్యతిరేకం ‘వెళ్ళలేదు’. ఎవరూ ‘వెళ్ళాడు లేదు’ అనరు. ‘వెళ్ళలేదు’ను విడదీస్తే ముందు కాలం గుర్తు ఏదీ లేని ‘వెళ్ళ’, వెనక ‘లేదు’ మిగులుతాయి. ఇంగ్లిష్ ‘డిడ్ నాట్ గో’లోనూ ‘గో’ మీద కాలం గుర్తు ఉండదు. అంటే తెలుగును ఉన్నదున్నట్టు మార్చినా ఈ వాక్యం సరిగ్గానే వచ్చేది. ‘డిడ్ నాట్ వెంట్’ అనే తప్పును తెలుగు నెత్తిన రుద్దడానికి ఆధారం లేదు.

తప్పు గురించి పండితుల లెక్క ఎలా మారింది

భాష నేర్చుకునేవాళ్ళ తప్పులన్నీ మాతృభాష పెట్టే చిచ్చేనన్న నమ్మకానికి ఒకప్పుడు శాస్త్రం అండ కూడా ఉండేది. అమెరికన్ భాషావేత్త రాబర్ట్ లాడో 1957లో ఈ వాదానికి ఒక రూపం ఇచ్చాడు. రెండు భాషలను పక్కపక్కన పెట్టి పోల్చితే, తేడా ఉన్నచోట కష్టం, పోలిక ఉన్నచోట సులువు ఉంటుందని ముందే చెప్పవచ్చన్నది దాని సారం. వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే అది చెప్పిన కష్టాల్లో కొన్ని ఎదురుకాలేదు, చెప్పనివి కొన్ని ఎదురయ్యాయి.

1967లో పిట్ కోర్డర్ ఒక ముఖ్యమైన గీత గీశాడు. అలసటలోనో తొందరలోనో దొర్లేది వేరు, నేర్చుకునేవాడి మనసులో స్థిరపడిన నియమం నుంచి వచ్చేది వేరు. తెలుగులో మొదటిదాన్ని పొరపాటు, రెండోదాన్ని తప్పు అనుకోవచ్చు. రాసినవాళ్ళకే ఆ వాక్యం మళ్ళీ చూపిస్తే పొరపాటును వాళ్ళే పట్టేస్తారు. తప్పు మాత్రం వాళ్ళ కంటికి ఒప్పుగానే కనిపిస్తుంది. 1972లో లారీ సెలింకర్ మరో అడుగు ముందుకు వేశాడు. నేర్చుకునేవాడి దగ్గర ఉన్నది విరిగిపోయిన ఇంగ్లిష్ కాదనీ, మాతృభాషకూ ఇంగ్లిష్‌కూ నడుమ సొంత నియమాలున్న ఒక మధ్యంతర భాష అనీ అన్నాడు. 1974లో హైడీ డ్యులే, మరీనా బర్ట్ స్పానిష్ పిల్లలూ చైనీస్ పిల్లలూ ఇంగ్లిష్ నేర్చుకునే తీరును పోల్చారు. ఆ రెండు మాతృభాషలకూ ఏ చుట్టరికమూ లేదు. అయినా ఇంగ్లిష్ వ్యాకరణంలోని చిన్న చిన్న గుర్తులు వాళ్ళకు పట్టుబడిన వరుస దాదాపు ఒకటే అని తేలింది.

కాబట్టి కొన్ని తప్పులు నేర్చుకునేవాళ్ళందరికీ ఉమ్మడి ఆస్తి.

కాలం గుర్తు ఒక్కచోటే

‘డిడ్ నాట్ వెంట్’ ఆ ఉమ్మడి ఆస్తిలోదే. జరిగిపోయిన పనికి ‘వెంట్’ అనాలని మొదట నేర్పుతారు. అది బుర్రలో గట్టిగా నాటుకుంటుంది. ఆ తర్వాత ‘డిడ్’ వస్తుంది. అది కేవలం వ్యతిరేకాన్ని, ప్రశ్నను మోసుకొచ్చే మాట అనుకుంటే, జరిగిన పనికి ‘వెంట్’ అలాగే ఉండాలి కదా అనిపించడం తార్కికమే. నిజానికి ‘డిడ్’ వచ్చేటప్పుడు కాలాన్ని తన మీదకు లాక్కుంటుంది. లోపలున్న క్రియ ఖాళీ అయి ‘గో’గా మిగులుతుంది. ‘హీ గోస్’లోని చివరి ‘స్’ కూడా ప్రశ్నలో ఇలాగే ‘డజ్’ మీదకు ఎక్కుతుంది: ‘డజ్ హీ గో?’ రెండుచోట్లా గుర్తు పెడితే ‘డజ్ హీ గోస్’ అవుతుంది.

ఈ ‘డూ’ ఏర్పాటు ఇంగ్లిష్‌కు పుట్టుకతో వచ్చింది కాదు. 16వ శతాబ్దం నుంచి అది బాగా వ్యాపించింది. షేక్‌స్పియర్ కాలంలో ‘ఐ డూ నాట్ నో’ పక్కనే ‘ఐ నో నాట్’ కూడా హాయిగా చెల్లేది.

‘హీ గో’, ‘షీ వర్క్’ అని ఆ ‘స్’ను వదిలేయడం ఇంకా ఆశ్చర్యకరమైన సంగతి. ఎందుకంటే తెలుగు క్రియ వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు అంటూ ప్రతి కర్తకూ వేషం మారుస్తుంది. ఇంత సరంజామా అలవాటున్నవాళ్ళకు ఒక్క ‘స్’ లెక్కలోది కాకూడదు. తేడా ఉపయోగంలో ఉంది. తెలుగులో ‘వెళ్తాడు’ అంటే చాలు, కర్త ఎవరో తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో ‘హీ’ని ఎలాగూ చెప్పి తీరాలి కనుక, తర్వాత వచ్చే ‘స్’ కొత్తగా ఏమీ చెప్పదు. పాత ఇంగ్లిష్‌లో కర్తను బట్టి మారే రకరకాల క్రియాంతాలు అరిగిపోగా ఇదొక్కటి మిగిలింది. అర్థానికి అక్కర్లేని దాన్ని మనసు తేలిగ్గా జారవిడుస్తుంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న పిల్లలకు సైతం ‘ఇంగ్’, బహువచనపు ‘స్’ ముందు వస్తాయనీ, ఈ ‘స్’ ఆలస్యంగా వస్తుందనీ మనస్తత్వవేత్త రోజర్ బ్రౌన్ 1973లోనే చూపించాడు.

‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ కూడా ఇదే బాపతు. ‘నా స్నేహితుల్లో ఒకడు’ అంటాం గానీ ‘స్నేహితుడిలో ఒకడు’ అనం. అంటే తెలుగు ఇక్కడ సరైన దారే చూపిస్తోంది. ముందున్న ‘వన్’ వెనకున్న మాటను ఏకవచనం వైపు లాగుతుంది. పలకడంలో చివరి ‘స్’ను సగం మింగేస్తాం. దాంతో రాతలోనూ ఎగిరిపోతుంది.

నిజంగా తెలుగు నుంచి వచ్చేవి

అలాగని తెలుగు ప్రమేయమే లేదనడం కుదరదు. కొన్ని వాక్యాల మీద దాని ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ‘హ్యావ్’. తెలుగులో ఈ పనికి రోజువారీ క్రియ లేదు. ‘కలిగి ఉన్నాను’ అనేది పుస్తకాల్లో తప్ప నోట్లో ఆడదు. నాకు ఇద్దరు అన్నలున్నారు, నా దగ్గర పుస్తకం ఉంది, గదికి రెండు కిటికీలున్నాయి, నాకు జ్వరంగా ఉంది... అన్నీ ‘ఉండు’ మీదే నడుస్తాయి. పైగా క్రియ లొంగేది ఉన్నదానికి, దాని సొంతదారుకు కాదు. ‘అన్నలు’ బట్టి ‘ఉన్నారు’, ‘కిటికీలు’ బట్టి ‘ఉన్నాయి’. ఇంగ్లిష్ ఈ అమరికను తలకిందులు చేసి, సొంతదారును కర్తగా కూర్చోబెడుతుంది. ఆ మార్పు వరకు అందరికీ త్వరగానే వస్తుంది. చిక్కల్లా ‘ఐ యామ్ హ్యావింగ్’ దగ్గర. ‘చేస్తూ ఉన్నాను’కు ‘ఐ యామ్ డూయింగ్’ అని నేర్చుకున్నవాళ్ళకు, ‘ఉన్నారు’ అని వినపడగానే ‘యామ్’, ‘ఇంగ్’ గుర్తుకు రావడం సహజం.

ఇంగ్లిష్ ఇక్కడ పనికీ స్థితికీ తేడా చూస్తుంది. అన్నలు ఉండటం స్థితి, కాబట్టి ‘ఐ హ్యావ్ టూ బ్రదర్స్’. భోజనం చేస్తూ ఉండటం పని, కాబట్టి ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’ తప్పు కాదు. నో (తెలిసి ఉండటం), లైక్, బిలాంగ్ లాంటివి కూడా స్థితులే. ఈ తేడా తెలుగుకు కొత్తేమీ కాదు. ‘నాకు తెలుసు’ అంటాం, ‘నేను తెలుస్తున్నాను’ అనం. ‘తెలుసు’కు ‘తున్న’ అంటకపోవడానికీ ‘నో’కు ‘ఇంగ్’ అంటకపోవడానికీ మూలం ఒకటే. ఈ పోలికను తరగతి గదుల్లో వాడుకోరు, అదొక వృథా.

కాలం చెప్పేచోట ‘నుంచి’ అసలైన ఉచ్చు. ‘ఐదేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నాను’ అనే వాక్యంలో ఒకేసారి రెండు తప్పులు పొంచి ఉన్నాయి. మొదటిది, ‘సోమవారం నుంచి’ అన్నా ‘ఐదేళ్ళ నుంచి’ అన్నా తెలుగులో ‘నుంచి’ ఒకటే. ఇంగ్లిష్‌లో మొదలైన క్షణానికి ‘సిన్స్’, గడిచిన పొడవుకు ‘ఫర్’. రెండోది, ‘ఉంటున్నాను’ అనేది ఇప్పటి మాట, కాబట్టి ‘ఐ యామ్ లివింగ్’ అని చెయ్యి వెళ్ళిపోతుంది. కానీ వెనక మొదలై ఇప్పటికీ సాగుతున్నదానికి ఇంగ్లిష్ వేరే రూపం దాచిపెట్టుకుంది: ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’. అది తెలుగులో లేని గది. కొత్తగా కట్టుకోవాల్సిందే.

దీనికి ఎదురు తప్పు ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’. ‘చూశాను’ అన్న ఒక్క రూపం తెలుగులో నిన్నటికీ సరిపోతుంది, ‘ఇంతకుముందెప్పుడో’ అన్నదానికీ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో ‘నిన్న’ అని ముగిసిపోయిన సమయాన్ని పేరు పెట్టి చెబితే ‘హ్యావ్’ తప్పుకోవాలి. ‘బిఫోర్ టూ ఇయర్స్’ కూడా ఇలాంటిదే. ‘రెండేళ్ళ ముందు’ అన్న తలపు నుంచి అది వస్తుంది. ‘రెండేళ్ళ క్రితం’ అనుకుంటే ‘టూ ఇయర్స్ అగో’ దానంతటదే దొరుకుతుంది, ‘క్రితం’ లాగే ‘అగో’ కూడా వెనకే వస్తుంది కనుక.

‘డిస్కస్డ్ అబౌట్’ కథ తమాషాగా ఉంటుంది. ‘దాని గురించి చర్చించాం’ నుంచి ‘అబౌట్’ వచ్చిందని అందరికీ తెలుసు. అయితే మన సంప్రదాయ వ్యాకరణం ‘ని, ను, ల, కూర్చి, గురించి’ అన్నిటినీ ద్వితీయా విభక్తిలోనే చేర్చింది. అంటే ‘గురించి’ని కర్మకు తగిలించే గుర్తుగానే చూసింది. ‘డిస్కస్’కు కావలసింది సరిగ్గా అదే, నేరుగా ఒక కర్మ: ‘వి డిస్కస్డ్ ద ప్రాబ్లమ్’. ‘టాక్’, ‘థింక్’ అలా కాదు, వాటికి ‘అబౌట్’ ఉండాలి. ‘టోల్డ్ టు హిమ్’ (ఆయనకి చెప్పాను), ‘యాంగ్రీ ఆన్ మి’ (నా మీద కోపం), ‘వెంట్ టు హోమ్’ (ఇంటికి వెళ్ళాను) కూడా విభక్తులను మాటకు మాట మార్చడం వల్ల వచ్చేవే. సూత్రాలు ఇక్కడ అంతగా పనికిరావు. ‘టోల్డ్ హిమ్’, ‘యాంగ్రీ విత్ మి’, ‘వెంట్ హోమ్’ అని జంటలుగా గుర్తుపెట్టుకోవడమే దారి.

ఇక ‘హీ కేమ్ యెస్టర్‌డే ఓన్లీ’. తెలుగులో ఒక్క ‘ఏ’ చేర్చితే ఏ మాటకైనా ఒత్తు వస్తుంది: నిన్ననే, ఇక్కడే, వాడే. ఇంగ్లిష్ ఈ పనిని చాలావరకు గొంతుతో, మాట మీద బరువు పెట్టి చేస్తుంది. రాతలో ఆ బరువు కనిపించదు కనుక, దాని స్థానంలో ‘ఓన్లీ’నో ‘ఇట్‌సెల్ఫ్’నో తెచ్చి పెడతారు. ‘ఓన్లీ’కి ‘మాత్రమే’ అనే అర్థం ఉండటంతో ‘నిన్న ఒక్కరోజే వచ్చాడు’ అని కూడా ధ్వనిస్తుంది. ‘కదా’కు బదులు ప్రతి వాక్యం చివరా ‘ఈజంట్ ఇట్’ రావడం ఇదే కోవలోది. తెలుగు ‘కదా’ మారదు. ఇంగ్లిష్‌లో ముందు ‘హీ కేమ్’ ఉంటే వెనక ‘డిడంట్ హీ’ రావాలి.

వీటిలో నిజంగా అపార్థానికి దారితీసేది వ్యతిరేక ప్రశ్నకు ఇచ్చే జవాబు. ‘ఆయన రాలేదా?’ అంటే, రాకపోతే ‘అవును, రాలేదు’ అంటాం. అడిగినవాళ్ళ ఊహ నిజమని ఒప్పుకోవడం అది. జపనీస్‌లోనూ ఇదే పద్ధతి. ఇంగ్లిష్ జవాబు ప్రశ్నతో ఏకీభవించదు, జరిగినదానితో ఏకీభవిస్తుంది. రాకపోతే ‘నో, హీ డిడంట్’. ఒట్టి ‘యెస్’ అని ఊరుకుంటే అవతలివాళ్ళు ఆయన వచ్చాడనే అనుకుంటారు.

ఎ, అన్, ద: తెలుగు లిపి చేసే సాయం

‘ఎ’, ‘అన్’ మధ్య ఎంపిక అక్షరాన్ని బట్టి అని చాలామంది నేర్చుకుంటారు. అది ధ్వనిని బట్టి. స్పెల్లింగ్‌కూ ఉచ్చారణకూ పొంతన లేని ఇంగ్లిష్‌లో ఈ తేడా కనపడదు, తెలుగు లిపిలో రాస్తే కనపడుతుంది. మాటను తెలుగులో రాసి మొదటి అక్షరం చూస్తే చాలు. అవర్, ఆనెస్ట్, ఎక్స్‌రే అచ్చుతో మొదలవుతాయి, కాబట్టి ‘అన్’. యూనివర్సిటీ, యూరోపియన్, వన్‌వే హల్లుతో మొదలవుతాయి, కాబట్టి ‘ఎ’. అయితే ‘ఎగ్’ను ‘యెగ్’ అని పలికే అలవాటున్నవాళ్ళను ఈ చిట్కా మోసం చేస్తుంది.

‘ద’ ఇంత తేలిగ్గా లొంగదు. చరిత్ర కొంత ఆసరా ఇస్తుంది. ‘అన్’ పూర్వం ‘ఒకటి’ అనే సంఖ్య నుంచి, ‘ద’ పూర్వం ‘ఆ’ అని చూపించే మాట నుంచి పుట్టాయి. తెలుగులో ‘ఒక’, ‘ఆ’ ఇంకా ఆ మూలస్థితిలోనే ఉన్నాయి. అందుకే మాట ముందు ‘ఒక’ అతికితే ‘ఎ’, వినేవాళ్ళకు ‘ఏదో ఒకటి కాదు, ఆ తెలిసినదే’ అనే అర్థం వస్తే ‘ద’ అని మొదటి మెట్టుగా పెట్టుకోవచ్చు. ‘పుస్తకం కొన్నాను’కూ ‘పుస్తకాన్ని కొన్నాను’కూ ఉన్న సన్నటి తేడా కూడా ఈ దిక్కుకే చూపుతుంది. రెండోదానిలో ఏ పుస్తకమో ముందే తెలిసిన భావన ఉంటుంది. ఇది ప్రతిసారీ పొసగదు. మనుషులను చెప్పే మాటలకు ‘ని’ ఎలాగూ తప్పదు. ఒక్కడే ఉన్న సూర్యుడికి ‘ఆ’ చేర్చి చూడాలని తెలుగువాళ్ళకు తోచదు, ఇంగ్లిష్‌లో మాత్రం ‘ద సన్’ అనాల్సిందే. అందుకే అన్నిటికన్నా ఆలస్యంగా పట్టుబడేవాటిలో ‘ద’ ఒకటి.

ఒక మాట, రెండు మూడు తలుపులు

మాటల ఎంపికలో తప్పులు వేరే చోట పుడతాయి. ‘చూడు’ అనే ఒక్క క్రియ ఇంగ్లిష్‌లో మూడుగా చీలుతుంది. కళ్ళబడితే ‘సీ’, కావాలని చూపు తిప్పితే ‘లుక్’, కదిలేదాన్ని కాసేపు చూస్తూ కూర్చుంటే ‘వాచ్’. ‘విను’ కూడా అంతే, చెవిన పడితే ‘హియర్’, చెవి ఒగ్గితే ‘లిజన్’. ‘చెప్పు’ దగ్గర తేడా అర్థంలో కన్నా పక్కన కూర్చునే మాటలో ఉంది. ‘టెల్’ పక్కన సాధారణంగా మనిషి ఉండాలి, ‘సే’ పక్కన విషయం ఉండాలి. అందుకే ‘సే మి’ చెల్లదు.

‘బారో’, ‘లెండ్’ తారుమారు కావడం మరో రకం. తెలుగులో అప్పు అనే మాట మారదు, దిక్కును ‘ఇవ్వడం’, ‘తీసుకోవడం’ చెబుతాయి. ఇంగ్లిష్ దిక్కును మాటలోనే దాచేసింది. ‘రిమెంబర్’, ‘రిమైండ్’ కూడా అంతే: గుర్తుంచుకోవడం ఒకటి, గుర్తుచేయడం మరొకటి. తెలుగులో క్రియ చివర చేరే ‘కొను’ (తీసుకొను, గుర్తుంచుకొను) ఆ తేడాను ఎప్పుడో పట్టేసుకుంది.

లెక్కపెట్టే మాటలకు తర్కం వెతకడం దండగ. సలహాలు ఇస్తాం, కానీ ‘అడ్వైసెస్’ లేదు. ‘ఇన్ఫర్మేషన్స్’, ‘ఫర్నిచర్స్’ కూడా లేవు. మరోపక్క ‘నీళ్ళు ఉన్నాయి’ అని తెలుగు బహువచనం వాడేచోట ఇంగ్లిష్ ‘వాటర్ ఈజ్’ అంటుంది. ఏది లెక్కకు వస్తుందో ఒక్కో భాష తనకు తోచినట్టు తేల్చుకుంది.

ఏది తప్పు, ఏది వాడుక

ఈ జాబితాలోనివన్నీ ఒకే స్థాయి తప్పులు కావు. భారతీయ ఇంగ్లిష్‌కు తనదైన వాడుక ఉంది. ‘పోస్ట్‌పోన్’కు ఎదురుగా ఇక్కడ బాగా వాడే ‘ప్రీపోన్’ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు ఎక్కింది. ‘ఓన్లీ’తో ఒత్తు పెట్టడం కూడా హిందీ ‘హీ’ లాంటి మాటలున్నవాళ్ళందరికీ అర్థమవుతుంది. బయటి పాఠకులకు మాత్రం అది అయోమయం. కాబట్టి వీటిని చదివేది ఎవరన్నదాన్ని బట్టి తూచాలి. ‘డిడ్ నాట్ వెంట్’కు ఆ వెసులుబాటు లేదు, ఏ దేశపు ప్రామాణిక రాతలోనూ అది చెల్లదు.

దిద్దితే దిద్దుబడుతుందా?

ఎర్ర సిరాతో ప్రతి తప్పునూ గీయడం వల్ల మేలుందా అన్నది పండితుల్లో తెగని తగువు. రాతల్లో వ్యాకరణ దిద్దుబాటు పనిచేయదు, మానేయాలి అని 1996లో జాన్ ట్రస్కాట్ గట్టిగా వాదించాడు. ఎలా దిద్దుతారన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుందని డేనా ఫెరిస్ 1999లో బదులిచ్చింది. పైన చూసిన మూలాల తేడా ఈ తగువులో కొంత దారి చూపుతుంది. పొరపాటుకు గీత చాలు, రాసినవాళ్ళే సర్దుకుంటారు. ‘సిన్స్’, ‘ఫర్’ లాంటిదానికి గీత చాలదు, రెండు భాషల అమరికనూ పక్కపక్కన చూపించాలి. ‘యాంగ్రీ విత్’ లాంటిదానికి వివరణ దండగ, పదిసార్లు కంటబడాలి.

కంప్యూటర్‌లోని వ్యాకరణ పరికరాలు ‘హీ గో’ను క్షణంలో పట్టేస్తాయి. వాటి పరిమితి వేరేచోట ఉంది. వాక్యం సక్రమంగా ఉందో లేదో అవి చెప్పగలవు, రాసినవాళ్ళ మనసులో ఏముందో వాటికి తెలిసే వీలు లేదు. ‘ఐ లెంట్ హిమ్ ద మనీ’ అన్న వాక్యంలో ఏ లోపమూ లేదు, రాసినవాళ్ళు అప్పు తీసుకున్నవాళ్ళయినా సరే. ఉద్యోగ దరఖాస్తులో ‘ఐ వర్క్డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అని ఒకరు, ‘ఐ హ్యావ్ వర్క్డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అని మరొకరు రాస్తే పరికరం రెండింటినీ వదిలేస్తుంది. మొదటిది చదివినవాళ్ళు ఆ మనిషి ఆ పని మానేశాడనుకుంటారు, రెండోది చదివినవాళ్ళు ఇంకా అక్కడే పనిచేస్తున్నాడనుకుంటారు.